అరుంధతి కనిపించిందా?

పెళ్ళిలో పురోహితుడు "అరుంధతి కనిపించిందా అమ్మా?" అంటే, మిట్టమధ్యాహ్నమైనా సరే "ఆఁ, కనిపించింది" అని తలూపని పెళ్ళికూతురు ఉంటుందా చెప్పండి! అది అబద్ధం కిందికి వస్తుందా, రాదా? నారాయణపేట జిల్లాలో ముడుమాల్ రాళ్ళు చూసొచ్చినప్పట్నించీ ఇదే ఆలోచన.

కృష్ణ ఒడ్డున పొలాల్లో 10 నుంచి 14 అడుగుల రాళ్ళు, 80 దాకా, నిటారుగా నిలబడి ఉంటాయి. నిలువురాళ్ళంటారు. పాతి 3500 ఏళ్ళ పైమాటేనట. క్రేన్లు లేని రోజుల్లో అంతంత బరువు ఎలా లేపారో, ఎంతమంది చేతులు బొబ్బలెక్కాయో! చుట్టూ వేలకొద్దీ చిన్నరాళ్ళు బారులు తీరి ఉన్నాయి. అయనాలు మారే రోజుల్లో సూర్యుడు కొన్ని వరుసలకి సూటిగా వస్తాడట. అక్కడే ఒక రాతి మీద చిన్నచిన్న గుంటలున్నాయి. అవి సప్తర్షి మండలమని పరిశోధకులు పోల్చారు. సప్తర్షుల్లో వశిష్ఠుడు, ఆయన పక్కనే మన అరుంధతి!

ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ లెక్కలతో పనిలేదు. ఒక రాయిని ఎల్లమ్మ అని కొలుస్తారు. "ఎవరు పాతారమ్మా?" అని పసుపు రాస్తున్నావిడని అడిగాను. "ఏమోనమ్మా, మా అత్త రాసేది, నేను రాస్తున్న" అంది. మాతో వచ్చిన కాలేజీ కుర్రాడు నవ్వాడు, మూఢనమ్మకమని.

నాకు నవ్వు రాలేదు. సాగుకి అడ్డమని చిన్నరాళ్ళు పీకేసిన చోట్లున్నాయి. ఎకరం చెక్కతో ఇల్లు గడవాల్సిన రైతుని నేనేమీ అనలేను. కానీ ఎల్లమ్మని పీకే ధైర్యం ఎవరికుంది? చూడకుండానే "కనిపించింది" అన్నవాళ్ళ వల్లే కదా, అరుంధతి పేరు మన ఇళ్ళల్లో ఇంకా మిగిలింది!

అలాగని తెలియకపోవడమే మేలని కాదు. భక్తి ముదిరి గుడి కడతామని సిమెంటు పోశారనుకోండి, సూర్యుడి వరుస కాస్తా దానికింద పోతుంది. లెక్కలు తెలిసినవాళ్ళూ కావాలి. 2025లో ముడుమాల్ యునెస్కో వారి తాత్కాలిక జాబితాకెక్కిందంటే వాళ్ళ చలవే. సంతోషమే. కాకపోతే, రేపు చుట్టూ కంచె వేసి, టికెట్టు పెడితే, పసుపు గిన్నెతో వచ్చే ఆవిడని లోపలికి రానిస్తారా? అడుగుదామని అటూ ఇటూ చూశాను. అప్పటికి అక్కడ మేకలు తప్ప ఎవరూ లేరు.