కోతగాండ్రమీద నుంచబడిన పనివాడు

ధ్యానభాగము: రూతు 2:1-16



బోయజును మనమెరుగుదుము, రూతును ఎరుగుదుము. వారి నడుమ నిలిచిన మరియొక మనుష్యుడు కలడు. అతడు కోతగాండ్రమీద నుంచబడిన పనివాడు. బైబిలు అతని పేరు చెప్పదు. పనివారిని చూచుకొనుట, యజమానునికి వారిని గూర్చి చెప్పుట అతని ఉద్యోగము. నేడు కళాశాలలలో సిబ్బంది వ్యవహారములు చూచు అధికారులు ఆ స్థానముననే యున్నారు. మన బిడ్డలలో ఎందరో అట్టివారి క్రింద పనిచేయుచున్నారు; రేపు కొందరు ఆ కుర్చీలో కూర్చుందురు.

ఆ చిన్నది ఎవరిదని బోయజు అడిగినప్పుడు ఆ పనివాడు రెండు సంగతులు చెప్పెను. ఆమె మోయాబు దేశపుదని చెప్పెను, దాచలేదు. పిమ్మట, ఆమె సెలవడిగి వచ్చినదనియు, ఉదయము మొదలుకొని అక్కడనే యున్నదనియు, కొంచెముసేపే ఇంటిలో కూర్చున్నదనియు చెప్పెను. మొదటి సంగతి ఊరిలో ఎవరైనను చెప్పగలరు. రెండవది చెప్పవలెనన్న ఆమె కష్టమును కన్నులార చూచియుండవలెను. కనికరము అక్కడ మొదలగును.

యజమానుడు రాకమునుపే ఆమె చేనిలో ఏరుకొనుచుండెను. అన్యురాలని అతడు ఆమెను గద్దించి వెళ్లగొట్టలేదు. మత్తయి 1:5 చూడుడి. ఆ రూతు పేరు మన ప్రభువు వంశావళిలో నున్నది. పేరులేని ఆ పనివాని దయను దేవుడు ఎంత దూరము వాడుకొనెనో!

1910లో ఎడింబరో పట్టణమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో వి. యస్. అజరయ్యగారు మాటలాడిరి. ఆ దినములలో మిషను బడులలోను ఆసుపత్రులలోను మనవారిపై అధికారము ముఖ్యముగా మిషనెరీలదే. వారి త్యాగమును ఆయన కాదనలేదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమును తలపించి, ఇన్ని ఇచ్చిన మీరు స్నేహమును కూడ ఇయ్యుడని వేడుకొనిరి. ఆ మాట కొందరికి నొప్పి కలిగించెను. 1912లో ఆయనే దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఇతరులను అడిగినదానిని తానే ఇయ్యవలసిన కాలము ఆయనకు వచ్చెను. అధికారము పొందు ప్రతివానికిని అట్టి కాలము వచ్చును.

కనికరమనగా తప్పును కప్పిపెట్టుట కాదు. ఉపాధ్యాయుడు రానియెడల నష్టము పిల్లలదే. అయితే సంజాయిషీ అడుగుచు కాగితము పంపకమునుపు, అతనిని పిలిచి కూర్చుండబెట్టి మాటలాడవచ్చును. ఇంటిలో జబ్బు మనిషి ఉన్నారేమో, జీతము నిలిచిపోయినదేమో! కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకకమునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. తరగతులు ఊడ్చు స్త్రీ ఆలస్యముగా వచ్చిన దినము ఫైలుకెక్కును. ఆమె అందరికంటె ముందు వచ్చిన దినములు ఏ ఫైలులోను ఉండవు. వాటిని పైవారికి చెప్పవలసినవాడు ఆ అధికారియే.

ఇది చదువుకొన్నవారికే అనుకొనవద్దు. మన చక్రాయపేట పల్లెలలో వేరుశనగ పీకుటకు కూలీలను తోడుకొనిపోవు మేస్త్రీ, సంఘములో కమిటీ పెద్ద, ఇంటిలో అత్తగారు, వీరందరును మరియొకరి కష్టమునకు సాక్షులే. మనము సాక్ష్యము చెప్పనియెడల ఆ కష్టము మరుగైపోవును. ఈ నెలలో మన క్రింద పనిచేయువారిలో ఒకరిని గూర్చి, వారు లేనిచోట, నిజమైన మంచి మాట ఒకటి చెప్పుదము.

ప్రధాన కాపరియైన ప్రభువు మనకట్టి కన్నులను, అట్టి నాలుకను దయచేయును గాక. ఆమేన్.