ధూళి వెనుక వెలుగు



హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) బాల్యంలో ఒక రాత్రి తమ పినతల్లి హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో గడిపారు. రాత్రి చివరి భాగంలో దైవప్రవక్త (స) మేల్కొని, ఆకాశం వైపు చూసి, ఆలి ఇమ్రాన్ సూరాలోని చివరి ఆయతులు పఠించారు. భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ళ మార్పులో బుద్ధిమంతులకు సూచనలు ఉన్నాయని ఆ ఆయతులు తెలుపుతున్నాయి. పిదప ఆయన వుజూ చేసి నమాజుకు నిలబడ్డారు. చూడటం, స్మరించటం, ప్రభువు ముందు నిలబడటం. ఇదీ ప్రవక్త (స) మనకు నేర్పిన క్రమం.

ఏప్రిల్ నెలలో మనం తహజ్జుద్‌కు లేచి దక్షిణాకాశం చూస్తే ధనూరాశి నక్షత్రాలు కనిపిస్తాయి. మన పాలపుంత కేంద్రం ఆ దిక్కునే, సుమారు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాని మన కంటికి అది కనిపించదు. దారిలో ధూళి మేఘాలు అడ్డున్నాయి. అక్కడి నుంచి బయలుదేరిన మామూలు వెలుగులో సుమారు లక్ష కోట్లలో ఒక వంతే మన దాకా చేరుతుంది.

మరి దాని సంగతి ఎలా తెలిసింది? అమెరికాలోని న్యూజెర్సీలో కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజనీరు రేడియో టెలిఫోన్ సంభాషణలకు అడ్డొచ్చే శబ్దాలు ఎక్కడివో వెదికేవారు. ఉరుముల శబ్దాలు పోగా ఒక సన్నని ధ్వని మిగిలింది. అది 23 గంటల 56 నిమిషాలకోసారి, అంటే నక్షత్రాల లెక్క ప్రకారం, హెచ్చుతూ వచ్చింది. అది పాలపుంత కేంద్రం వైపు నుంచి వస్తోందని ఆయన 1933లో ప్రకటించారు. వెలుగును ఆపిన ధూళి రేడియో తరంగాలను ఆపలేకపోయింది!

1974లో ఆ కేంద్రంలో ఒక చిన్న రేడియో బిందువు బయటపడింది. 2022 జనవరిలో దక్షిణాఫ్రికాలోని 64 డిష్‌ల మీర్‌కాట్ టెలిస్కోపు తీసిన ఆ ప్రాంతపు విశాల చిత్రం వెలువడింది. దానికి 200 గంటల పరిశీలన, మూడేళ్ళ శ్రమ పట్టింది. అదే ఏడాది మే 12న ఆ బిందువు చుట్టూ వెలిగే వలయం చిత్రాన్ని కూడా ప్రపంచం చూసింది. అది సుమారు 40 లక్షల సూర్యుళ్ళంత ద్రవ్యరాశి గల కృష్ణబిలం.

ఇలాంటి వార్త రాగానే 'ఇది మన గ్రంథంలో ముందే ఉంది' అని తొందరపడటం తగదు. శాస్త్రజ్ఞుల అంచనాలు మారవచ్చు, అల్లాహ్ వాక్కు మారదు. పైగా మనం విశ్వసించే అగోచర విషయాలు, అంటే దైవదూతలు, పరలోకం, స్వర్గనరకాలు, ఏ టెలిస్కోపుకూ అందవు. అవి ప్రవక్తల ద్వారానే మనకు తెలిశాయి. అయితే 'కంటికి కనిపించలేదు కనుక లేదు' అనే వాదన ఎంత బలహీనమైనదో ఈ చిత్రాలు చెప్పకనే చెబుతున్నాయి.

ఇప్పుడు మన సంగతి ఆలోచిద్దాం. 'నమాజులో మనసు నిలవటం లేదు, ఖుర్ఆన్ చదివినా హృదయం కదలటం లేదు' అని మనలో చాలామంది బాధపడుతుంటాం. వెలుగు ఆరిపోయిందా? లేదు, మధ్యలో ధూళి పేరుకుంది. దాసుడు పాపం చేస్తే అతని హృదయంపై నల్లని మచ్చ పడుతుందని, పశ్చాత్తాపపడితే అది తొలగిపోతుందని, పాపాలు పెరిగితే మచ్చ హృదయమంతా కమ్మేస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

పాలపుంతలోని ధూళిని ఎవరూ తుడవలేరు. మన హృదయాలపై ఉన్నదాన్ని మాత్రం ఈ రాత్రే తుడుచుకోవచ్చు. ఎవరి సొమ్మయినా మన దగ్గర ఉండిపోతే తిరిగి ఇచ్చేద్దాం. మాటలు మానేసిన తోబుట్టువుకు మనమే ముందుగా సలాం చెబుదాం. తప్పు ఒప్పుకుని తౌబా చేద్దాం. ఒక్క చిత్రం కోసం మనుషులు 200 గంటలు ఆకాశానికి చెవి ఒగ్గారు. మన ప్రభువు కోసం ఫజ్ర్‌కు ముందు రెండు రకాతుల పాటు నిలబడలేమా?

అల్లాహ్ మన హృదయాలను శుభ్రపరచి, తన సూచనలను గ్రహించే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.