పట్టుకొనిపోయిన బ్రేకు

ధ్యాన భాగములు: ఎఫెసీయులకు 4:26-32, మత్తయి 5:23, 24



2020వ సంవత్సరము మార్చి 25న దేశమంతటను లాక్‌డౌను ఆరంభమైనప్పుడు, కార్లు గలవారనేకులు వాటిని ఇంటి ముందర నిలిపి, హాండు బ్రేకు లాగి లోనికి వెళ్లిరి. ఎండలు పోయి వానలు వచ్చెను. ఇట్లు నెలల తరబడి నిలిచిన బండిని తిరిగి తీయబోవునప్పుడు, ఇంజను పలికినను చక్రము తిరుగకపోవుట కలదు.

కారణమేమి? చిన్న కార్లు అనేకములకు వెనుక చక్రములలో పోత ఇనుప డ్రమ్ములుండును. హాండు బ్రేకు వేయగానే బ్రేకు షూలు డ్రమ్మును లోపలినుండి ఒత్తి పట్టును. తేమ తగిలి డ్రమ్ము తుప్పుపట్టగా, షూల లైనింగు దానికే అంటుకొనిపోవును. అందుచేతనే ఎక్కువ కాలము నిలుపు బండిని చదునైన చోట గేరులో ఉంచి, చక్రములకు రాళ్లు పెట్టి, హాండు బ్రేకు విప్పియుంచుమందురు. బ్రేకు చెడ్డది కాదు. ఏటవాలున బండిని కాపాడునది అదియే. రాత్రి వేసి ఉదయమున విప్పినయెడల కీడు లేదు.

కోపమును అట్టిదే. అపొస్తలుడైన పౌలు కోపమునకు చోటే లేదనలేదు, గడువు పెట్టెను. ఆ గడువు సూర్యాస్తమయము. అన్యాయమును చూచి ఆగుట వేరు, ఆగినచోటనే అంటుకొనిపోవుట వేరు. కాలువ నీటి వంతు గూర్చియో, పెండ్లి పిలుపు అందలేదనియో మాటలు మానిన కుటుంబములు మన సంఘములలో లేవా? ఒకే బల్లయొద్దకు వచ్చుదురు, ఒకరి ముఖమొకరు చూడరు.

కొందరు తమ మనస్సులో ఏమియు లేదందురు. అయితే హాండు బ్రేకు దింపినను, దాని కేబులు తుప్పుపట్టి బిగిసినయెడల షూలు వెనుకకు రావు. పెదవి విడిచినదానిని హృదయమును విడువవలెను గదా!

తెలిసిన మెకానిక్కు ఇంజను బలముతో లాగడు. లాగినయెడల లైనింగు ఊడివచ్చును. తక్కిన చక్రములకు రాళ్లు పెట్టి, బ్రేకు దింపి, డ్రమ్మును చుట్టును మెల్లగా తట్టును. పిమ్మట రాళ్లు తీసి, బండిని కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు కదలించును. అట్లే నలుగురిలో నిలువబెట్టి బలవంతముగా చేతులు కలిపించుట సమాధానము కాదు. ఒంటరిగా వెళ్లి మాటలాడుటయే మత్తయి 18:15లో ప్రభువు చూపిన మార్గము. ఒక్కసారితో కానియెడల మరల వెళ్లుడి.

చక్రము కదలెను గదా అని మెకానిక్కు ఊరకుండడు. డ్రమ్ము ఊడదీసి, తుప్పు తీసి, లైనింగు చూచి, మెల్లగా నడిపి పరీక్షించిన తరువాతనే బండిని బాటకు పంపును. మనమును కలహకారణమును తీసివేయవలెను. జక్కయ్య పశ్చాత్తాపము అన్యాయముగా తీసికొన్నదానిని తిరిగి ఇచ్చుటలో కనబడెను. పొలము గట్టు జరిపినవాడు క్షమాపణ అడిగిన దినముననే గట్టును వెనుకకు జరుపవలెను.

ప్రియులారా, రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు, కానుకకంటె మొదట సహోదరుని వెదకుమన్న ప్రభువు ఆజ్ఞను తలంచుకొనుడి. నేడు ప్రొద్దు గుంకక మునుపే ఆ ఇంటి గడప త్రొక్కుడి. సమాధానకర్తయగు దేవుడు మీకు ముందుగా నడచును గాక. ఆమేన్.