మొద్దు

కొడవలి మొద్దుబారితే దాన్ని మనం తిట్టం, సానపడతాం. పాఠం రాని పిల్లను మాత్రం ‘మొద్దు’ అంటాం. కొడవలి పుట్టుకతో మొద్దు కాదు. రాళ్ల చేలో కోసి కోసి పదును పోయింది.

కర్నూలు, కడప జిల్లాల తండాల్లో సుగాలి పిల్లలు తల్లిని ‘యాడి’ అంటారు. బడిలో అదే తల్లి బొమ్మ చూపి ‘అమ్మ’ అనమంటాం. నోరు మెదపకపోతే మొద్దు. సాయంత్రం మందలో తమ మేకను అరుపును బట్టి పోల్చుకునేది ఆ పిల్లే. మొద్దుబారింది ఆమె బుద్ధా, మన చెవులా?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. అయినా ఈ మాట తరగతిలో వినిపిస్తూనే ఉంది. చిన్నప్పుడు దాన్ని పడ్డ మేమే, టీచర్లమయ్యాక మా తండా పిల్లలను అదే మాట అన్నాం. అందుకు సిగ్గుపడుతున్నాం.

చెట్టు నరికితే మిగిలేదీ మొద్దే. కడప కొండల్లో ఎర్రచందనం మొద్దుకు మళ్లీ చిగుళ్లొస్తాయి; వేరు బతికుంటే చాలు. పిల్లల వేరు వాళ్ల ఇంటిభాషలో ఉంది. తండా బడిలో చేరిన టీచరు ముందు పది గోర్‌బోలి మాటలు నేర్చుకోవాలి. సానపట్టాల్సింది మొదట మనల్నే.