తక్కెడకు రెండవ ప్రక్క

"చచ్చినవాని కండ్లు చారెడు" అని మనవారి సామెత. బ్రతికియుండగా ఒకని కండ్లను చూచి ఎవ్వరును మెచ్చకపోయినను, చనిపోయిన మఱునాటినుండియే అవి చారెడేసి యగును. ఈ సామెతలో పరిహాసమున్నది. దాని వెనుక ఒక ధర్మసందేహమును ఉన్నది. గతించిన పెద్దలను మనము ఎట్లు తలపవలెను? వారిని గుఱించి పలుకు మాటలలో సత్యమునకు చోటెంత, ప్రేమకు చోటెంత? రాజులను గుఱించియు, దేశనాయకులను గుఱించియు చరిత్రకారులు ఈ ప్రశ్నను విచారించుచునే యున్నారు. మేము విచారింపదలచినది అంతకంటె చిన్నదిగా కనబడునది, నిజమునకు ప్రతి యింటికిని సంబంధించినది. పిల్లలను పెంచి, అంగడి నడిపి, పండు ముదుసలియై, ఇంటిల్లిపాది ప్రేమను చూఱగొని కన్నుమూసిన గృహస్థుని స్మృతి యెట్టిదై యుండవలెను?

ఖమ్మము మైదానము ముగిసి, భద్రాచలము వైపున అడవి మొదలగు సీమలోని గ్రామము చండ్రుగొండ. 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు ఖమ్మము జిల్లాలో నుండి, నాటినుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఇట్టి అడవియంచు గ్రామములలో చిల్లర దుకాణము పెట్టుకొని అఱువదియేండ్లు గడిపిన వృద్ధవర్తకుని ఒకనిని పాఠకులు మనస్సునకు తెచ్చుకొందురుగాక. ఆయన పేరుతో మనకు పనిలేదు. మీరెఱిగినవారిలో ఎవ్వరైనను కావచ్చును. తెల్లవారకమునుపే లేచి అంగడి తలుపులు తీసెడివాడు. ఉప్పు, బెల్లము, అగ్గిపెట్టెలు, దీపపునూనె అమ్మెడివాడు. కోయవారు అడవినుండి మోసికొని వచ్చిన ఇప్పపువ్వును, తేనెను, కరక్కాయలను, చింతపండును కొనెడివాడు. ఆ రాబడితోనే కూతుండ్రకు పెండ్లిండ్లు చేసెను. కొడుకులను ఖమ్మము పంపి చదివించెను. మనుమలకు ఏనాడును పప్పుబెల్లములకు కొదువ రానీయలేదు. ఆయన పోయిననాడు ఇల్లంతయు గొల్లుమన్నది. పెద్దకర్మ నాటికి వీధిమొగను ఫ్లెక్సీ పటము నిలిచినది. దానిమీద "ధర్మాత్ముడు" అనియు, "అజాతశత్రువు" అనియు పెద్ద యక్షరములు.

ఆ యక్షరములను వ్రాయించినవారెవరు? కొడుకులు, అల్లుండ్రు, మనుమలు. వారి కన్నీరు నిజమైనది; వారి సాక్ష్యమును నిజమైనదే. కాని వారు ఆయనను ఇంటివైపునుండి మాత్రమే చూచినవారు. తక్కెడకు రెండు ప్రక్కలున్నవి. ఒక ప్రక్కను గద్దెమీద వర్తకుడు కూర్చుండును; రెండవ ప్రక్కను ఎండలో నడిచివచ్చినవాడు నిలిచియుండును. మొదటి ప్రక్కవారు పలికిన మాటను మాత్రమే విని "ధర్మాత్ముడు" అని తీర్పు చెప్పుట, ఒక్క వాదినే పిలిచి వ్యాజ్యము పరిష్కరించుట వంటిది.

ఈ సంశయము మేము కల్పించినది కాదు. ఈ సీమ చరిత్రమే దీనిని పుట్టించినది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు నైజాము రాష్ట్రములోని గిరిజనుల నడుమ నివసించి, గోదావరి కొండలలోని కొండరెడ్లను గుఱించి 1945లో ఒక గ్రంథము ప్రకటించెను. వర్తకులకు బాకీపడి, ఆ బాకీ యెన్నటికిని తీరక, వారికే వెదురును కలపను కొట్టుచు కాలము గడిపిన కుటుంబముల స్థితి అందులో కానవచ్చును. అడవిసరుకునకు న్యాయమైన వెల యిచ్చుటకును, కావలసిన సరుకును న్యాయమైన వెలకు అమ్ముటకును 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి పరులపాలు కాకుండ 1959లో ఒక రెగ్యులేషను వచ్చి, అది చాలక 1970లో మఱింత కఠినము చేయబడినది. అంగళ్లన్నిటను తక్కెడ ముల్లు నిలువుగానే నిలిచియుండినయెడల వీని యవసరమేమి? ఆ యంగళ్లను నడిపినవారును ఎవరికో తండ్రులే, తాతలే. వారిని గుఱించియు ఇంటివారు కన్నీరు పెట్టుకొనియే యుందురు.

అన్యాయము పెద్దదై యుండనక్కఱలేదు. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయకు నూఱు నయాపైసలయినవి. అంతకుముందు రూపాయకు పదునాఱు అణాలు. అణాకు ఆఱుంబాతిక నయాపైసలు వచ్చును. పాతిక పైసకు నాణెము లేదు. ప్రభుత్వపు పట్టిక ప్రకారము అణాకు ఆఱు పైసలే చెల్లవలెను. నాలుగుమాఱులు అణా సరుకు తీసికొన్నవాడు ఇరువదినాలుగు పైసలిచ్చును. అంగడివానికి ఒక పైస నష్టము. ఏడేసి పైసలు తీసికొన్నచో ఇరువదియెనిమిది వచ్చును. మూడు పైసలు లాభము. ఆ లెక్క తెలియనివాడు ఎదుట నిలిచినప్పుడు ఆఱు తీసికొనుటయా, ఏడు తీసికొనుటయా?

తరువాత శేరు పోయి కిలో వచ్చినది. ఎనుబది తులముల శేరు సుమారు 933 గ్రాములు. అనగా పదునైదు శేర్లు పదునాలుగు కిలోలతో సమానము. ఇప్పపువ్వును పాత శేరు ధరకే కిలోలలెక్కను కొన్నవానికి ప్రతి పదునాలుగు కిలోలకును ఒక శేరు ఊరక మిగులును. చట్టము మాఱిన ఆ సంధికాలములో నిజాయితీ యనగా ఇంతే: ఒక పైస, ఒక గుప్పెడు పువ్వు. చూచువాడు లేడు, అడుగువాడు లేడు. అట్టి చోట ముల్లును నిలువుగా నిలిపినవాడే ధర్మాత్ముడు. నిలిపినవారును ఉండిరనియే మేము నమ్ముచున్నాము. ప్రశ్న యంతయు వారికొఱకే.

ఇక్కడ గృహస్థులమైన మనకు ఒక చేదు నిజము ఎదురగుచున్నది. ఇంటివద్ద సద్గుణమైనదే అంగడిలో దోషమునకు హేతువు కావచ్చును. తూకపు పళ్లెముమీద బొటనవ్రేలు ఆనించినవాడు తనకొఱకు ఆనింపలేదు. కొడుకు పరీక్షరుసుము జ్ఞప్తికి వచ్చి ఆనించెను. కూతురి పెండ్లి ముంచుకొని వచ్చుచున్నదని ఆనించెను. పిల్లలమీది ప్రేమయే ఆ వ్రేలికి బరువైనది. ఆ బరువుతో చదివి ఉద్యోగములలో చేరిన మనము ఆ ప్రేమను మాత్రము తలచి, బరువును మఱచుట సులభము. కావున తండ్రిని గుఱించిన ప్రశ్న తండ్రితో ముగియదు. అది మన చేతిలోని పుస్తకము వఱకును వచ్చును.

మహాభారతమున ఇద్దఱు వ్యాపారుల కథలున్నవి. వనపర్వములోని ధర్మవ్యాధుడు మిథిలానగరమున మాంసము అమ్ముకొను గృహస్థు. తలిదండ్రులను దైవములుగా సేవించినవాడు. శాంతిపర్వములోని తులాధారుడు కాశీలో అంగడి నడుపుకొనువాడు. తన తక్కెడ సర్వభూతములయెడను సమమని చెప్పగలిగినవాడు. ఒకడు ఇంటికి ఉదాహరణము, ఒకడు అంగడికి. ఈ కథలలో మేము ముఖ్యముగా గమనించినది వేఱొకటి. ధర్మవ్యాధుని గొప్పతనమును కౌశికునకు చెప్పినది అతని భార్య కాదు, బిడ్డలు కారు. ఎచ్చటనో దూరమున నున్న పరాయి గృహిణి. తలమీద పిట్టలు గూడు కట్టునంతటి తపస్సు చేసిన జాజలికి, నీవు తులాధారునితో సాటిరావని చెప్పినది ఆకాశమునుండి వచ్చిన వాక్కు. ఇరువుర విషయమునను సాక్షి ఇంటివాడు కాడు. వ్యాసుడు ఊరక ఇట్లు కూర్చెనని మాకు తోచదు.

చనిపోయినవారి తప్పులెన్నుట పాపము కాదా యని కొందఱు అడుగుదురు. తప్పులెన్నుట వేఱు, విచారించి పలుకుట వేఱు. ఆ కాలమున అందఱును అట్లే చేసిరి, ఒక్కనిని అననేల యని మఱికొందఱు అందురు. ఈ రెండవ మాటయే మా వాదమునకు గట్టి యాధారము. అందఱును అట్లే చేసినయెడల, చేయనివాడు ఎంతటివాడు! మంచి తూకమునకును, దొంగ తూకమునకును ఒకే బిరుదునిచ్చినచో, నష్టపడినది దొంగతూకపువాడు కాడు. నలువది యేండ్లు ఆశను అణచుకొని ఆఱు పైసలే తీసికొన్నవాడు నష్టపడినాడు. ఆయన బ్రతుకంతయు కూడబెట్టిన కీర్తిని మనము ఒక్క ఫ్లెక్సీ పటముతో అందఱికిని పంచిపెట్టితిమి. పొగడువాని చేతిలోను ఒక తక్కెడ యున్నది. అబద్ధపు పొగడ్త కూడ దొంగరాయియే.

సత్యము చెప్పిన ప్రేమ తగ్గునను భయమును నిరాధారము. ఇంగ్లీషు సాహిత్యమున శామ్యూల్ జాన్సను తన యింట ఆశ్రయము పొందిన రాబర్టు లెవెట్ అను వృద్ధవైద్యుని మరణమునకు ఒక కావ్యము వ్రాసెను. 1782లో గతించిన ఆ లెవెట్ పట్టాపుచ్చుకొన్న వైద్యుడు కాడు. మాట మొరటు, రూపము మొరటు. జాన్సను ఆ మొరటుదనమును దాచలేదు. లండను సందులలోని పేదల గుడిసెలను సాక్ష్యమునకు పిలిచి, వారు ఆయనవలన పొందిన మేలును చెప్పెను. అందుచేతనే ఆ పొగడ్త నేటికిని నమ్మదగినదిగా నున్నది.

మన ఖమ్మము సీమలోనే దగ్గఱి యుదాహరణము కలదు. రెడ్డిపల్లి గ్రామపు దరిపల్లి రామయ్యను లోకము వనజీవి రామయ్యగా ఎఱుగును. సైకిలుమీద విత్తనములు, మొక్కలు పెట్టుకొని తిరిగి, బాటల ప్రక్కలను నాటిన ఆ సామాన్య గృహస్థునకు 2017లో పద్మశ్రీ వచ్చినది. 2025 ఏప్రిలు 12న ఆయన గతించెను. ఆయనకు బిరుదము లేకపోయినను సాక్షులకు కొఱత యుండెడిది కాదు. పేరు తెలియక ఆ నీడను నిలిచిన బాటసారి ప్రతియొక్కడును సాక్షియే. ఆ మొక్కలకు ఆయన భార్య జానమ్మయు పాటుపడినది. మనవారి సంస్మరణములలో తఱుచుగా జాఱిపోవు రెండవ విషయమిది. "ఆయన యిల్లు నిలిపెను" అందుము. ఆయన అంగడిలో కూర్చున్నంతసేపు ఇప్పపువ్వు ఆరబోసి, చింతగింజలు తీసి, వచ్చినవారికి మంచినీళ్లిచ్చిన యిల్లాలిని మఱతుము. గృహస్థుడను మాటలో ఆమె చేయి లేని భాగము లేదు.

అయిన మనము చేయవలసినదేమి? గతించిన పెద్దవాని దినములలో భోజనపంక్తులు లెక్కించుటకు ముందు చిట్టాపుస్తకములను తెఱవవలెను. తీరని బాకీలలో న్యాయమైనవెన్ని, కావడిమీద మోసికొనివచ్చిన సరుకుతో ఏనాడో తీరియుండవలసినవెన్ని యని చూడవలెను. తీరియుండవలసినవానిని ఆయన పేరనే కొట్టివేయవలెను. ఎక్కువ తీసికొన్నట్లు తెలిసినచో తిరిగి యిచ్చివేయవలెను. తరువాత అంగడికి రెండవ ప్రక్కను నిలిచినవారిని పిలిచి, చాపవేసి కూర్చుండబెట్టి, మొదట వారిని మాటాడనీయవలెను. వారు మంచి చెప్పినచో ఆ మాట బిడ్డలకు ఆస్తి. చెడు చెప్పినచో అదియు ఆస్తియే. దానివలన తీర్చవలసిన ఋణము తెలియును. పితృఋణమని మనవారు చెప్పినదానిలో తండ్రికి మనము పడిన బాకీ మాత్రమే కాక, తండ్రి ఇతరులకు పడిన బాకీయు చేరియున్నదని మా యభిప్రాయము.

ఇట్లు విచారించిన పిమ్మటను బిడ్డలు తండ్రిని ప్రేమింపవచ్చును. ప్రేమకు తీర్పు అక్కఱలేదు. కాని "ధర్మాత్ముడు" అను మాట ప్రేమకు పేరు కాదు, తీర్పునకు పేరు. ఆ మాట వ్రాయించుటకు ముందు రెండవ ప్రక్కవానిని ఒక్కమాఱు అడిగి రండని మా విన్నపము.