బీపీ బిళ్ల

చి॥ రమణకు,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ నాకూ సరిగ్గా నిద్ర లేదురా. నెల్లాళ్ళుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందనీ, ఆఫీసు మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడుతోందనీ నాతో చెప్పావు. బస్తీ దవాఖానాలో డాక్టరమ్మతో మాత్రం "గ్యాస్ పడుతోంది మేడమ్" అన్నావట. ఆవిడ గ్యాసుకే మందిచ్చింది. ఆవిడ తప్పేముంది?

ఈ అబద్ధం మన ఇంటికి కొత్త కాదు. రిటైరైన ఏడాది నాకు ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టినట్టుండేది. మూడుసార్లు ఈసీజీ తీయించాను, మూడుసార్లూ బాగానే ఉందన్నారు. చివరికి మన పీహెచ్‌సీకి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, నా చేతికి చుట్టిన బీపీ పట్టీ విప్పుతూ, "మాస్టారూ, ఇష్టంగా చేసే పనేదైనా ఈ మధ్య మానేశారా?" అన్నాడు. పొద్దున్నే పేపరు చదవడం మానేసి రెండు నెలలైందని అప్పుడు తట్టింది. నోరు పెగల్లేదు. వెనక నిలబడ్డవాళ్ళను బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాడు. ఓపీ చీటీ వెనక్కి తిప్పి, గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలడిగాడు. నిద్ర, ఆకలి, నీరసం, ఆఖరికి చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా అని కూడా. ఒక్కోదాని పక్కన అంకె వేసుకున్నాడు. థైరాయిడ్, బి12 పరీక్షలకు రాశాడు, వాటివల్ల కూడా ఇలా ఉండొచ్చట.

ఆ తర్వాత, ఇది దిగులు జబ్బని చెప్పి ఓ బిళ్ల రాశాడు. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, మొదట్లో కడుపులో తిప్పుతుందనీ ముందే చెప్పాడు. అయినా పదోరోజుకే ఆపేశాను. తిట్టకుండా మళ్ళీ మొదలుపెట్టించాడు. నెమ్మదించాక కూడా నెలల తరబడి వేయించి, తనే కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించాడు.

ఇంట్లో మాత్రం బీపీ బిళ్ల అని చెప్పాను. మీ పెద్దమ్మ ఆ పూట నుంచే ఉప్పు తగ్గించేసింది. ఏడాది చప్పిడి కూరలు తిన్నాను, నా అబద్ధానికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే. కానీ మీ నాన్న సంగతికి ఏ శిక్షా చాలదు. ఆ రోజుల్లోనే కౌలు సేద్యంలో నష్టపోయి రాత్రంతా అరుగు మీద కూచునేవాడు. "నిద్ర పట్టట్లేదన్నయ్యా" అన్నాడొకసారి. బిళ్లల షీటు జేబులో పెట్టుకుని, "వేడి పాలు తాగి పడుకోరా" అన్నాను. రెండేళ్ళకు తేరుకున్నాడనుకో. ఆ రెండేళ్ళు వాడికి నేను తెచ్చివ్వలేను కదా.

డాక్టరమ్మ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపుతుందని నీ భయం. మనవాళ్ళు ఆ ఊరి పేరును తిట్టుగా మార్చేశారు గానీ అక్కడ చేసేదీ వైద్యమే. అయినా అందరినీ అక్కడికి పంపరు. ఇలాంటి బాధలు చాలావరకు మామూలు డాక్టరే చూడగలరు. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తుంటే, లేదా ఒకప్పుడు రోజుల తరబడి నిద్రే అక్కర్లేనంత హుషారు వచ్చి ఉంటే, అది దాచకు. అప్పుడు మందు మారుతుంది, పై డాక్టరుకు రాస్తారు. ప్రభుత్వ సేవల్లో ఈ మనసు వైద్యం పొందడం 2017 చట్టం ఇచ్చిన హక్కు, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనకు. అలవాటైతే వదలవు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే పొద్దున్నదాకా ఆగకు, అర్ధరాత్రైనా నాకు ఫోను చెయ్యి. నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు మూడింటి మెలకువ సంగతి చీటీ మీద రాసుకెళ్ళు. నోరు పెగలకపోతే చీటీ ఇచ్చేయ్.

ఆదివారం మీ నాన్నకు నా బీపీ బిళ్ల సంగతి చెప్పబోతున్నాను. ఈ ఉత్తరం ముందే చేరితే, అప్పటిదాకా నువ్వు వాడి దగ్గర బయటపడకు.

మీ పెదనాన్న