రెండు స్తూపాలు

అక్టోబర్ 21న బడిపిల్లల చేత పోలీసు అమరులకు పూలు పెట్టిస్తాం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు చనిపోయిన రోజది. అంతవరకు చెప్పడం తేలికే. కానీ మన పిల్లలకు ఇంద్రవెల్లి స్తూపం కూడా తెలుసు. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో కూలిన గోండులది అది. అక్కడ దండం పెట్టుకోవడానికి ఏళ్ల తరబడి ఆంక్షలే ఉండేవి.

మరి ఖాకీ బట్టల్లో చనిపోయినవాడికి మనం పువ్వు పెట్టాలా? పెట్టాలనే మేమంటాం. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగు తీసేవాళ్లలో మన గూడేల పిల్లలూ ఉన్నారు కదా. వాడు పోతే ఏడ్చే తల్లి మన ఇంటి పక్కనే ఉంటుంది. మన పెద్దలు చనిపోయినవారికి రాయి నిలిపేటప్పుడు తప్పొప్పులు లెక్కపెట్టరు. అలాగని, పువ్వు పెట్టినంత మాత్రాన తుపాకీ చేసిన ప్రతి పనికీ తలూపినట్టు కాదు.

ఏప్రిల్‌లో ఆ ఆఫీసర్లు మన స్తూపానికి కూడా పూలు తెస్తారా అని పిల్లలు అడిగితే, మేం నోరు మూయించం.